తిరిగి వచ్చిన సమయం

నవంబరు పద్నాలుగు నుంచి ఫిబ్రవరి ఏడు దాకా నేను లేహ్‌లో ఉన్నాను. అది హిమాలయాల్లో ఉంటుంది. ఆ రోజుల్లోనే ప్రతి ఉదయం తొమ్మిదింటికి మా ఎర్రగుడిపాడు బడికి వెళ్ళి, పదో తరగతి గదిలో కిటికీ పక్కన మూడో బెంచీలో కూర్చున్నాను. రెండూ నిజమే. మొదటిది ప్రభుత్వం లెక్కలో నిజం, రెండోది మా అమ్మ లెక్కలో నిజం. రెంటికీ తేడా వస్తే ఏది చెల్లుతుందో నాకు ఈ ఏడే తెలిసింది.

నా పేరు మాలకొండమ్మ. మా నాయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. సాల్డరింగ్ ఆయన కొట్లోనే నేర్చుకున్నాను. నాకు పదిమందిలో మాట రాదు. సాల్డరింగ్ చేసేటప్పుడు ఎవరూ మాట్లాడరు, పొగ కళ్ళలో పడుతుందని. అందుకే ఆ పని నాకు ఇష్టం.

జూలైలో మా ఫిజికల్ సైన్స్ సుభానీ సార్ బడి కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టారు. తెర మీద రన్‌వే, ఆకాశం, మేఘాలు కనబడతాయి. కీలు నొక్కుతూ విమానాన్ని నడపాలి. ఎట్లా ఉందని సార్ అడిగితే, నోటుపుస్తకం చివరి పేజీలో ఇలా రాసి చూపించాను: "విమానం నడిపినట్టు లేదు సార్, టైపు కొట్టినట్టుంది."

"అయితే చేతికి తగిలేది ఏదన్నా చేద్దాం" అన్నారు సార్.

నాయన దగ్గర మూలపడిన పాత మోపెడ్ హ్యాండిల్ తెచ్చాను. కాళ్ళకు కుట్టుమిషను పెడలు. ఇంజన్ నడపడానికీ ఆపడానికీ బోరు స్టార్టర్ డబ్బా, దాని పచ్చ బటను, ఎర్ర బటను. వీటన్నిటికీ లోపల పాత రేడియోల వాల్యూమ్ మరలు బిగించి, వాటి తీగలు అరచేతిలో పట్టే చిన్న బోర్డుకు కలిపాం. హ్యాండిల్ తిప్పితే మర తిరుగుతుంది. ఎంత తిరిగిందో బోర్డు ఒక అంకెగా చెబుతుంది. ఆ అంకె విని కంప్యూటర్ విమానాన్ని వంచుతుంది. మొదట్లో ఎవరూ ముట్టుకోకపోయినా అంకె వణికేది, దాంతో విమానం చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికేది. ఒక్కో అంకె పదిసార్లు చదివి సగటు తీయమని బోర్డుకు నేర్పాక కుదుటపడింది. అక్టోబరు చివరికి నేను తిరుపతిలో లేచి, గాలిలో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ తిరుపతిలో దిగగలిగాను. చూసినవాళ్ళు సుభానీ సార్, ఒక బల్లి.

సార్ దాన్ని జిల్లా సైన్స్ ఫెయిర్‌కు పంపుదామన్నారు. తప్పు అక్కడ మొదలైంది.

బడిలో ఉన్న ఏ వస్తువైనా గేటు దాటాలంటే ముందు యాప్‌లో నమోదు కావాలి. ఆ పని జూనియర్ అసిస్టెంటు వరదయ్య గారిది. ఆయన పాతికేళ్ళ సర్వీసులో ఒక్క గడి ఖాళీగా వదలలేదని పేరు. యాప్‌లో వస్తువు రకం అడిగే గడిలో ఐదే మాటలున్నాయి. బల్లలు, పుస్తకాలు, వంటపాత్రలు, ఆటవస్తువులు, వాహనాలు. వరదయ్య గారు మా పెట్టె చుట్టూ ఒకసారి తిరిగారు.

"హ్యాండిలుందా?"

"ఉంది" అన్నారు సార్.

"తొక్కేది?"

"ఉంది. కుట్టుమిషనుది."

"స్టార్టరు కనపడతానే ఉంది. ఇంకేం గావాల? వాహనమే."

వాహనం అని నొక్కగానే ఇంకో గడి తెరుచుకుంది. నేల మీదా, నీటి మీదా, గాలిలోనా? గాలిలో కాదు, తెర మీద అన్నారు సార్. తెర మీద అనే గడి లేదన్నారు వరదయ్య గారు. ఆయన 'గాలిలో' నొక్కి, 'సమర్పించు' కూడా నొక్కారు. సమర్పించినదాన్ని మార్చే వీలు ఆ యాప్‌లో లేదు.

నాలుగో రోజు జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. "తమ పాఠశాల గగనతల రవాణా సదుపాయమును సమకూర్చుకొనినందులకు హర్షము వ్యక్తము చేయడమైనది. సదరు వాహనమునకు విధిగా లాగ్ పుస్తకము నిర్వహించవలెను. నిర్వహించని యెడల బాధ్యులపై చర్య గైకొనబడును." మా హెడ్మాస్టరు పరాంకుశం గారు ఏ ఉత్తరాన్నైనా చివరి వాక్యం నుంచి పైకి చదువుతారు. ఈసారి చివరి వాక్యం దగ్గరే ఆగిపోయి, మంచినీళ్ళు తాగి, బడిలో రోజూ తప్పకుండా రాసే అలవాటు ఎవరికుందని అడిగారు. నేను ఆరో తరగతి నుంచి డైరీ రాస్తున్నానని సుభానీ సార్ చెప్పారు. అట్లా లాగ్ పుస్తకం నా చేతికి వచ్చింది.

"జరిగింది జరిగినట్టు రాయాలమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. "కవిత్వం కలపొద్దు."

కలపలేదు. బాలల దినోత్సవం నాడు అందరి ముందూ నడిపి చూపించమన్నారు. ఆ సిమ్యులేటర్‌లో కొన్ని రన్‌వేలే ఉన్నాయి, వాటిలో తిరుపతికి అన్నిటికన్నా దూరంగా ఉన్నది లేహ్. మంచుకొండలు కనిపిస్తే పిల్లలు సంతోషిస్తారని అక్కడికి పోనిచ్చాను. నాలుగింతల వేగంతో కాలం నడిపే ఏర్పాటు ఉంది కాబట్టి యాభై నిమిషాల్లో చేరాను. దిగగానే అన్నం గంట కొట్టారు. వరదయ్య గారు రోజూ అన్నం గంటకు మెయిన్ స్విచ్ ఆపేస్తారు, ఆ రోజూ ఆపేశారు. నేను పుస్తకంలో రాశాను:

బయలుదేరిన స్థలం: తిరుపతి. చేరిన స్థలం: లేహ్. దూరం: రెండువేల మూడువందల కిలోమీటర్లు. పట్టిన కాలం: యాభై నిమిషాలు. ప్రయాణించినవారు: బి. మాలకొండమ్మ, పదో తరగతి. తిరిగి వచ్చిన సమయం:

ఆ గడి ఖాళీగా వదిలాను. తిరిగి రాలేదు కదా. పేజీని వరదయ్య గారు ఫోటో తీసి యాప్‌లో పెట్టారు. ఖాళీ గడి చూసి ఆయన కొంచెం బాధపడ్డారు కూడా.

మర్నాడు హాజరు వేసేటప్పుడు సుభానీ సార్ ఫోను నా ముఖం ముందు పట్టుకున్నారు. అందరికీ పచ్చగా వచ్చే అక్షరాలు నాకు ఎర్రగా వచ్చాయి. "ఈ విద్యార్థి ప్రస్తుతం లేహ్‌లో ఉన్నారు." సార్ ఫోను తుడిచి మళ్ళీ పట్టుకున్నారు. నేనూ ముఖం తుడుచుకున్నాను. అయినా లేహ్‌లోనే ఉన్నాను.

తర్వాత తెలిసింది. పని వేళల్లో ప్రభుత్వ వాహనాల్లో సొంత ఊళ్ళకు వెళ్ళే ఉద్యోగుల్ని పట్టుకోవడానికి, వాహనాల యాప్‌నీ హాజరు యాప్‌నీ ఆ నెలే అనుసంధానం చేశారట. బండి ఎక్కి తిరిగి రానివాళ్ళకు హాజరు పడదు. ఉద్యోగులెవరూ దొరకలేదు. మొదట దొరికింది నేను.

ఎగిరి వెనక్కి వచ్చేస్తే సరిపోతుందనుకున్నాం. కానీ ఆ వారంలోనే వాహనానికి సీలు వేయడానికి విచారణాధికారి చెన్నకేశవరావు గారు ఇద్దరు సభ్యుల్ని వెంటబెట్టుకుని జీపులో వచ్చారు. వాహనానికి ఫిట్‌నెస్ పత్రం లేదు, పైగా అతివేగం. యాభై నిమిషాల్లో రెండువేల మూడువందల కిలోమీటర్లు పోవడం ఈ జిల్లాలో ఇదే మొదటిసారి అన్నారాయన. మోపెడ్ హ్యాండిల్‌కు తెల్లగుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశారు. సుభానీ సార్ ఇది వాహనం కాదని చెప్పబోయారు. కాని పక్షంలో తప్పుడు నమోదుకు బాధ్యులెవరు అని చెన్నకేశవరావు గారు అడిగారు. హెడ్మాస్టరు గారు సార్ చొక్కా వెనక నుంచి లాగారు.

పిల్ల తిరిగి వచ్చినట్టు పుస్తకంలో ఒక ముక్క రాసేస్తే పోతుంది కదా అని హెడ్మాస్టరు గారు నెమ్మదిగా అడిగారు. చెన్నకేశవరావు గారు కళ్ళజోడు తీశారు.

"హెడ్మాస్టరు గారూ, లాగ్ పుస్తకమనగా ప్రభుత్వము యొక్క కన్ను. రానివారిని వచ్చినట్లు వ్రాయుట ఆ కంటిలో కారము కొట్టుట. నేనుండగా అట్టిది జరుగదు. రేపు నా విషయములోనైనను జరుగదు."

ఆ మాటలు నేను ఆ రోజు డైరీలో రాసుకున్నాను. బాగున్నాయని రాసుకున్నాను, వేరే ఉద్దేశం లేదు.

అట్లా నా లేహ్ కాపురం మొదలైంది. నిజం చెప్పాలంటే మొదటి రెండు వారాలు హాయిగానే ఉంది. తరగతిలో లేని పిల్లను ప్రశ్నలు అడిగితే రేపు ఆడిట్‌లో ఏమంటారోనని టీచర్లు నన్ను ప్రశ్నలు అడగడం మానేశారు. నిలబడి పద్యం చెప్పే బాధ తప్పింది. మధ్యాహ్నం భోజనంలో గుడ్లు మాత్రం హాజరు లెక్కన వచ్చేవి. నాకు గుడ్డు రాలేదు. వంటచేసే కోటమ్మక్క తన గరిటెతో నా పళ్ళెంలో ఇంకాస్త కూర వేసి, "కొండల్లో ఉండావంటగదమ్మే, ఆకలెక్కువయ్యిద్ది" అనేది.

డిసెంబరులో స్వెట్టర్ వచ్చింది. చలి ప్రదేశంలో చిక్కుకున్న విద్యార్థినికి ఉన్ని దుస్తులు ఇవ్వాలని ఎక్కడో నియమం ఉందట, ఎవరో దయగల అధికారి పంపారు. ముదురు నీలం రంగు. పెద్ద మగవాళ్ళకు సరిపోయేంత సైజు. హెడ్మాస్టరు గారు దాన్ని నా చేతికి ఇవ్వబోయి ఆగారు. లేహ్‌లో ఉన్న పిల్లకు ఎర్రగుడిపాడులో ఇచ్చినట్టు సంతకం తీసుకుంటే అది తప్పుడు సంతకం అవుతుంది. అందుకని నా ఎదురుగానే పొట్లం కట్టించి, దాని మీద "బి. మాలకొండమ్మ, రన్‌వే మీద, లేహ్" అని రాయించి పోస్టు చేశారు. నా చేతిరాత బాగుంటుందని చిరునామా నా చేతే రాయించారు.

జనవరి మొదటి వారంలో హాయి పోయింది. డెబ్బై ఐదు శాతం హాజరు లేనివారికి పదో తరగతి పరీక్షల హాల్ టికెట్ రాదని జాబితా వచ్చింది. నాకు అరవై ఎనిమిది. జాబితాను ఫిబ్రవరి పదో తేదీ సాయంత్రం మూసేస్తారు. పరీక్ష రాయకపోతే పాలిటెక్నిక్ లేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదవాలని నేను ఎవరికీ చెప్పలేదు, డైరీలో రాసుకున్నాను. మా నాయనకు మాత్రం ఎట్లానో తెలుసు.

చెన్నకేశవరావు గారు సీలు సరిగ్గా ఉందా లేదా అని చూడటానికి వచ్చిన రోజున నాయన మోటారు విప్పుతున్నవాడు విప్పుతున్నట్టే లేచి బడికి వచ్చాడు. చేతులకు గ్రీజు అంటుకుందని కుర్చీలో కూర్చోలేదు. నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

"సార్, మా పిల్ల పొద్దున ఇంట్లో సంగటి తిని వచ్చింది. సాయంత్రం ఇంటికే వచ్చిద్ది. మజ్జలో లేహ్ యాడుంది సార్?"

"మీరు భావోద్వేగముతో మాట్లాడుచున్నారు. మేము రికార్డుతో మాట్లాడుచున్నాము."

"రికార్డెందుకు సార్, దాన్నే అడగండి. ఈడనే నిలబడుంది గదా."

చెన్నకేశవరావు గారు నా వైపు తిరిగి, నా తల మీదుగా గోడకున్న పటాన్ని చూశారు. "ఇక్కడ లేని వ్యక్తి వాంగ్మూలము చెల్లదు."

నాయన గ్రీజు చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "సరే సార్. అట్టయితే అది రావాలంటే ఏం జెయ్యాలో మీరే చెప్పండి. మోటారు కాలిపోతే కాలిపోయిందని ఏడ్చుకుంటా కూచోం గదా, తీగ చుట్టుకుంటాం."

ఏం చేయాలో అని ఎవరైనా అడగడం చెన్నకేశవరావు గారికి నచ్చినట్టుంది. ఆయన అక్కడికక్కడే ఆదేశం చెప్పి వరదయ్య గారి చేత రాయించారు. సీలు తాత్కాలికముగా తొలగించబడును. వాహనము రెండు ప్రయాణములకు మాత్రమే అనుమతించబడును. ఒకటి, బాలికను తీసుకొనివచ్చుటకు. రెండు, కమిటీ వారి పరిశీలనార్థము. మూడవ ప్రయాణమునకు విచారణాధికారి ప్రధాన కార్యాలయమున కూర్చుండి, ముఖహాజరు నమోదైన పిదప, సంతకము చేసిన క్రొత్త అనుమతి కావలెను. బాలిక తిరిగివచ్చినచో మధ్యదినములన్నియు అధికారిక పర్యటనగా, అనగా హాజరుగా పరిగణింపబడును. రానిచో గైర్హాజరే. నాయనకు ఆఖరి రెండు వాక్యాలే అర్థమయ్యాయి. అవి చాలు.

చిక్కు ఇంకొకటి ఉంది. తిరుపతిలో దిగితే వచ్చినట్టు కాదట. వాహనం ఎక్కడ నమోదైందో అక్కడికే రావాలి, అంటే మా బడికి. సుభానీ సార్ సిమ్యులేటర్‌లో కొత్త రన్‌వే గీసుకునే దారి కనుక్కున్నారు. నేనూ సారూ తాడు పట్టుకుని ఆటస్థలం కొలిచాం. కబడ్డీ బరి నుంచి మరుగుదొడ్ల దాకా తొంభై మీటర్లు. చిన్న విమానానికైనా ఐదారు వందలు కావాలి. మిగతాది గోడ దాటి, పక్కనున్న ఓబులమ్మ కందిచేలో పడుతుంది.

రన్‌వేకు భూమి యజమాని నిరభ్యంతర పత్రం ఉండాలన్నారు చెన్నకేశవరావు గారు. ఓబులమ్మను హెడ్మాస్టరు గారే వెళ్ళి అడిగారు. ఇది తెర మీద దిగే విమానం, చేలోకి ఏమీ రాదు, ఊరికే వేలిముద్ర వేస్తే చాలని చెప్పారు. ఓబులమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ మొత్తం విన్నది.

"ఏమీ రానప్పుడు నా వేలిముద్ర ఎందుకయ్యా? వేలిముద్ర కావాలంటున్నారంటే ఏందో వచ్చిద్ది. కాయ మీదుంది చేను. కోత అయినాకనే దిగమను దాన్ని."

హెడ్మాస్టరు గారు వేలిముద్ర వేయించుకుని, పత్రంలో "పంటకోత పిదప" అని రాసుకొచ్చారు. కోత ఫిబ్రవరి ఆరు. జాబితా మూసేది పది. అన్ని రోజులూ నేను తరగతి కిటికీలోంచి ఆ కందిచేనును చూస్తూ చదువుకున్నాను. కాయ ఎండుతుంటే నా పరీక్ష దగ్గరపడినట్టుండేది. మధ్యలో ఒకరోజు మబ్బు పట్టింది. వాన పడి కోత ఆగితే నేను పదో తరగతి తప్పుతానని అనుకుని ఆ రోజు అన్నం తినలేదు. మబ్బు పడమటికి పోయింది. ఆరో తేదీ అమ్మ కూలిలేకుండా ఓబులమ్మ చేలో కోతకు వెళ్ళింది, ఇంకో పదిమందిని పిలుచుకుని.

ఏడో తేదీ ఉదయం చెన్నకేశవరావు గారు, సభ్యులిద్దరు, హెడ్మాస్టరు గారు, ఒక పూలమాల, అందరూ ఆటస్థలంలోకి వెళ్ళారు. నేను మూడు నెలల తర్వాత తిరిగి వస్తున్నాను కాబట్టి స్వాగతం పలకాలట. కంప్యూటర్ గదిలో నేనూ సుభానీ సారూ మిగిలాం. సార్ లక్క ముద్ర పగలగొట్టి, గుడ్డ విప్పారు. మూడు నెలలు కదలకపోయేసరికి వాల్యూమ్ మరలో దుమ్ము చేరి, హ్యాండిల్ నడిమధ్యన ఉన్నా విమానం ఎడమకు లాగుతోంది. అంకె ఐదువందల పన్నెండు రావలసిన చోట ఐదువందల ముప్పై వస్తోంది. విప్పి బాగుచేసే వ్యవధి లేదు. ఆ పద్దెనిమిదీ తీసేయమని బోర్డుకు చెప్పి, పచ్చ బటను నొక్కాను.

లేహ్ రన్‌వే మీద విమానం నేను వదిలిన చోటే ఉంది. లేచాను. కొండలు వెనక్కి పోయాయి. కిటికీలోంచి చూస్తే ఆటస్థలంలో నలుగురూ చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని ఉత్తరం దిక్కు ఆకాశం చూస్తున్నారు. ఓబులమ్మ కూడా గోడ అవతల నిలబడి చూస్తోంది. నాయన బడి గేటు దగ్గర, పక్కకు తిరిగి, స్కూలు గంటను చూస్తున్నట్టు నిలబడ్డాడు.

మా బడి తెర మీద ఒక బూడిదరంగు డబ్బాలా కనబడింది. దాని పక్కన మేం గీసిన గీత. అది చాలా చిన్నది. మొదటిసారి ఎత్తు ఎక్కువై తిరిగి లేచాను. రెండోసారి కుట్టుమిషను పెడలు కిర్రుమంది, ముక్కు ఎడమకు తిరిగింది. హ్యాండిల్‌ను గుడ్డ తడిపి పిండినంత నెమ్మదిగా కుడికి తిప్పాను. చక్రాలు కందిచేలో తగిలాయి. గోడను మేం తెర మీద గీయలేదు, అదొక అదృష్టం. విమానం కబడ్డీ బరి దాటి, మరుగుదొడ్లకు కొంచెం ఇవతల ఆగింది. ఎర్ర బటను నొక్కాను.

"దిగింది!" అని సార్ కిటికీలోంచి కేక పెట్టారు.

ఆటస్థలంలో నలుగురూ చప్పట్లు కొట్టారు. ఓబులమ్మ వంగి తన చేలో మోళ్ళు చూసుకుంది. నేను గదిలోంచి నడిచి వెళ్ళాను. చెన్నకేశవరావు గారు నా మెడలో మాల వేసి, ప్రయాణం సుఖంగా జరిగిందా అని అడిగారు. మూడు నెలల్లో ఆయన నన్ను చూసి మాట్లాడటం అదే మొదలు. తల ఊపాను. లాగ్ పుస్తకం తెరిచి, తిరిగి వచ్చిన సమయం అన్నచోట పదకొండు నలభై అని రాశాను. సార్ ఫోను నా ముఖం ముందు పట్టుకున్నారు. పచ్చ అక్షరాలు వచ్చాయి. వెనకటి రోజులన్నీ ఒకటొకటే పచ్చగా మారాయి. నాయన గేటు దగ్గర నుంచి అటే కొట్టుకు వెళ్ళిపోయాడు. మోటారు సగంలో ఉందట.

ఇక కమిటీ పరిశీలన మిగిలింది. చెన్నకేశవరావు గారు గదిలోకి వచ్చి హ్యాండిల్‌ను చూశారు, తిప్పారు, ఇంకోసారి తిప్పారు. ఆయన ముఖంలో ఆరో తరగతి పిల్లాడు కనిపించాడు. పరిశీలన అనగా స్వయముగా నడుపుట అని తేల్చారు. సభ్యులిద్దరూ వెనక కుర్చీల్లో కూర్చున్నారు, అందులో పెద్దాయన కిటికీ పక్క కుర్చీ అడిగి తీసుకున్నారు. నేను పుస్తకంలో ముగ్గురి పేర్లూ రాశాను. బయలుదేరిన సమయం: పన్నెండు పది. వెళ్ళే పని: గగనతలము నుండి జిల్లా పరిశీలన.

ఆయన బాగానే లేచారు. ఎత్తు పెంచడమే తప్ప తగ్గించడం అడగలేదు. పన్నెండు ముప్పై రెండుకు, మేఘాల్లో ఉండగా, కరెంటు పోయింది.

అందరం కాసేపు నల్లటి తెర వైపు చూశాం. సబ్‌స్టేషన్లో ఏదో కాలిందనీ సాయంత్రం దాకా రాదనీ వరదయ్య గారు ఫోను చేసి తెలుసుకున్నారు. వచ్చినా లాభం లేదని సార్ చెప్పారు, దిగాక ఆగిపోతే దిగిన చోటు గుర్తుంచుకుంటుంది గానీ, గాల్లో ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి లేవాల్సిందే. అది మూడవ ప్రయాణం అవుతుంది. చెన్నకేశవరావు గారు లేచి, చొక్కా సర్దుకున్నారు.

"సరే. వ్రాయుమమ్మా. కమిటీ వారు తిరిగి వచ్చిన సమయము, పన్నెండు నలభై."

పెన్ను తీశాను. మూత కూడా తీశాను. గదిలో నేను కాక ఆరుగురున్నారు. అంతమందిలో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. నోటుపుస్తకంలో రాసి చూపిద్దామంటే అది తరగతి గదిలో ఉండిపోయింది.

"మీరింకా రాలేదు గదా సార్" అన్నాను.

గొంతు నాదేనా అనిపించింది. ఆయన మొదట తను సరిగ్గా వినలేదనుకున్నారు. "ఏమంటివి?"

"రానోళ్ళని వచ్చినట్టు రాస్తే కంట్లో కారం కొట్టినట్టని మీరే చెప్పారు సార్. మీ విషయంలో అయినా రాయొద్దన్నారు. నేను ఆరోజే రాసుకున్నాను."

హెడ్మాస్టరు గారు నా చొక్కా వెనక నుంచి లాగడానికి రెండడుగులు వేసి, ఏమనుకున్నారో, ఆగిపోయారు. చెన్నకేశవరావు గారు సభ్యుల వైపు చూశారు. ఇద్దరూ నల్లటి తెరనే చూస్తున్నారు. ఆయన తన జేబులోని ఆదేశం తీసి, మూడవ ప్రయాణమునకు అన్న వాక్యం దగ్గర వేలు పెట్టి, రెండుసార్లు చదివారు. అది ఆయన వాక్యమే. చాలా కట్టుదిట్టంగా ఉంది.

"సరి" అన్నారు చివరికి. "గడి ఖాళీగా నుంచుము."

వరదయ్య గారు కొంచెం బాధపడుతూ పేజీ ఫోటో తీసి యాప్‌లో పెట్టారు. ముగ్గురూ జీపెక్కి వెళ్ళారు.

మర్నాడు జిల్లా కార్యాలయంలో చెన్నకేశవరావు గారి ముఖం ముందు ఫోను పట్టుకుంటే ఎర్ర అక్షరాలు వచ్చాయట. "ఈ అధికారి ప్రస్తుతం గగనతలంలో ఉన్నారు." ఆయన దిగాలంటే వాహనం మూడో ప్రయాణం చేయాలి. మూడో ప్రయాణానికి ఆయన సంతకం కావాలి. సంతకానికి ముందు ముఖహాజరు పడాలి. హాజరు పడాలంటే ఆయన దిగాలి. ఈ మధ్య సుభానీ సార్ ఏదో మీటింగుకు వెళ్ళి చూసి వచ్చారు. చెన్నకేశవరావు గారు తన గదిలో తన కుర్చీలోనే కూర్చుని ఉన్నారట. ఆఫీసులో లేని అధికారి ముందు ఫైలు పెడితే రేపు ఆడిట్‌లో ఏమంటారోనని ఎవరూ ఫైళ్ళు పెట్టడం లేదట. ఎవరూ ఏమీ అడగడం లేదట. మొదటి రెండు వారాలు ఆయనకూ హాయిగానే ఉండి ఉంటుంది.

నాకు హాల్ టికెట్ వచ్చింది. పరీక్షలు రాశాను.

పరీక్షలు అయిన వారానికి బడికి ఒక పొట్లం తిరిగొచ్చింది. "రన్‌వే మీద ఎవరూ లేరు" అని రాసి ఉంది. లోపల నీలం స్వెట్టర్, మడత చెదరకుండా. ఇప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి హెడ్మాస్టరు గారు సంతకం తీసుకుని నాకే ఇచ్చారు. వేసుకు చూశాను. మోకాళ్ళ దాకా వచ్చింది. మా ఊళ్ళో ఏప్రిల్ ఎండలకు రోళ్ళు పగులుతున్నాయి.

అదే కాగితంలో మళ్ళీ పొట్లం కట్టి, జిల్లా కార్యాలయానికి పోస్టు చేశాను. మీద చెన్నకేశవరావు గారి పేరు రాసి, లోపల చీటీ పెట్టాను.

"సార్, పైన చలిగా ఉంటుంది. నేను వెళ్ళొచ్చాను."